పెట్టె మీది గాలి

ఇంజిన్ పెట్టె మీద అచ్చేసి ఉంది:
నలభై ఆరో సైజుకి
పదకొండు అంగుళాల ప్రొపెల్లర్, మెలి ఆరు.
అచ్చేసినవాళ్ళది సముద్రపు ఒడ్డు.
వాళ్ళ గాలి గడ్డపెరుగు.
మాది నాలుగుసార్లు నీళ్ళు కలిపిన మజ్జిగ.

ఒరూరో పట్నం దాటాక, ఎండిన ఉప్పునేల మీద
మూడు ఆదివారాలు ప్రయత్నించాడు ఎలియోడోరో తార్కీ.
బస్సుల డీజిల్ పంపులు విప్పి బిగించే చేతులు వాడివి,
ఇంజిన్ గొంతు విని జ్వరం ఎంతో చెప్పగలడు.
తోక పట్టుకుని కూచునే పని నాది.
వదిలితే ఉరికేది, ఉరికేది,
ఉప్పు మీద రెండు గీతలు లాగి
చివర్న పెట్టకోడిలా ఒక్క ఎగురు,
ఆపైన ముక్కు నేలకి.
లామాల వెనక నడిచే కుర్రాడు ఆగి
"ఇది దున్నడానికా?" అన్నాడు.

"గాలిలో బలం లేదు" అంటాడు ఎలియోడోరో,
గాలి వాడికేదో బాకీ ఎగ్గొట్టినట్టు.

చరాంగో వాద్యాలు చేసే సతుర్నీనా దగ్గరికి వెళ్ళాం.
ఉల్లిపొరంత పలచగా చెక్క దించే మనిషి.
కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి
ఒక్కటే అడిగింది: "పరుగెత్తాలా, ఎక్కాలా?"
"రెండూ."
"రెండూ అన్నవాడికి చెక్క ఇవ్వను."

వాడు తన బూట్ల వంక చూసుకున్నాడు.
"ఎక్కాలి" అన్నాడు చివరికి,
తప్పు ఒప్పుకున్నంత చిన్నగా.

"అయితే విను. ఇక్కడ పుట్టినవాళ్ళ ఛాతీలు చూడు,
గాలి చాలక పెరిగినవి.
నీ విమానానికీ అంతే. అరవై ఒకటి తెచ్చుకో.
పంకా ఇంకాస్త చెయ్యి చాపాలి, పదమూడు అంగుళాలు.
మెలి మాత్రం ఆరే ఉంచు.
పలచటి గాలిలో నింపాదిగా పోయేవాణ్ణి
ఎవరూ మొయ్యరు."

అరవై ఒకటో సైజు కోసం
కార్నివాల్లో ఊదే బాకా తాకట్టుకెళ్ళింది.
ఫిబ్రవరిలోగా విడిపించాలి, లేకపోతే
బాండు మేళం వాణ్ణి క్షమించదు.
పొడుగు పంకా నేలకి తగులుతుందని
చక్రాల తీగ మళ్ళీ వంచి రెండు వేళ్ళ ఎత్తు పెంచాం.
ముక్కు బరువెక్కిందని బ్యాటరీని వెనక్కి జరిపాం.
ఒకటి కదిపితే అన్నీ లేచి కూచుంటాయి,
పిల్లలు పడుకున్న గదిలో గ్లాసు జారినట్టు.

చరాంగో వీపుకని దాచుకున్న నారంజిల్లో చెక్కలోంచి
సతుర్నీనా పంకా దించింది.
కుట్టుసూది మీద నిలబెడితే ఎడమకి వాలింది.
మనవరాలి గోళ్ళరంగు తెచ్చి
కుడికొసకి ఒక పూత, ఆరాక ఇంకో పూత.
మూడో పూతకి
ఎటూ వాలలేదు. ఊపిరి బిగబట్టి చూశాం,
మా ఊపిరికే తిరుగుతుందేమోనని.

నాలుగో ఆదివారం.
మంచేదో ఉప్పేదో తెలియని పొద్దు.
ఎలియోడోరో కార్బురేటర్ సూది బిగించాడు,
పెట్టె చెప్పినదానికన్నా లోపలికి.
సన్నగాలికి చిక్కటి తిండి పెడితే కక్కుకుంటుంది.
ఆముదం పొగ నా ముఖం నిండా.
మొదటిసారి
తోక నా చేతుల్లోంచి గుంజింది,
పలుపు తెంచుకునే దూడలా.
"వదలనా?" అన్నాను.
వాడికి వినపడలేదు.
వదిలాను.

ఉప్పు మీద గీతలు
మధ్యలో ఆగిపోయాయి.

సముద్రం యుద్ధంలో పోయిందని బడిలో చెప్పారు.
దాని గాలి కూడా పోయిందని
ఈ అట్టపెట్టె చెప్పింది.
పెట్టె ఇంకా నా దగ్గరే ఉంది.
అచ్చు కొట్టేసి పెన్సిల్‌తో పక్కన రాశాను:
మూడువేల ఏడువందల మీటర్లు.
అరవై ఒకటి. పదమూడు, ఆరు. సూది లోపలికి.
బాకా ఇంకా రాలేదు.